నా లివర్.. రెండు చోట్ల పెరిగింది!

“లివర్‌దేముందే.. కోసినా మళ్లీ పెరుగుతుందటగా!”

గత పదకొండు నెలల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆఫీసులో, పెళ్లిళ్లలో, ఆఖరికి బస్సులో పక్క సీటు ఆంటీ దగ్గర కూడా! ‘అవునండీ’ అంటాను. ఎందుకంటే అది నిజమే. కాకపోతే మొన్న ఒక కొలీగ్ ఇదే మాట బీరు గ్లాసు చేత్తో పట్టుకుని అన్నాడు. “అందుకే కదా మేం ధైర్యంగా కానిచ్చేది” అని నవ్వాడు కూడా. ఆ నవ్వు దగ్గరే నాకు ఇది రాయాలనిపించింది.

నాది ఖమ్మం. వయసు 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం. గత ఏడాది నా లివర్‌లో 62 శాతం కోసి నాన్నకి పెట్టారు. నా దగ్గర మిగిలింది 38 శాతం. ఆ 38 శాతం నన్ను ఎలా బతికించింది, తను ఎలా పెరిగింది, ఎక్కడ ఆగింది.. ఇదంతా నేను ఆసుపత్రి మంచం మీదే నేర్చుకున్నాను.

“మీ నాన్న తాగేవారా?”

నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. జీవితంలో చుక్క ముట్టలేదు. కానీ పదిహేనేళ్లుగా షుగరుంది, బొజ్జ ఉంది. లివర్‌లో కొవ్వు పట్టిందని ఎప్పుడో ఒక స్కానింగ్‌లో రాశారు. ‘అది అందరికీ ఉంటుందిలే’ అని ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేశాం.

రెండేళ్ల కిందట కాళ్లు వాచాయి, కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లే అనుకుని, ఎవరో చెబితే మూడు వారాలు పసరు మందు చుట్టూ తిరిగాం. ఈలోగా పొట్టలో నీళ్లు చేరాయి. ఒకరోజు తెల్లవారుజామున నన్ను మా మేనత్త పేరుతో పిలిచి, “బడికి టైమైంది, నా సైకిలేది?” అన్నాడు. మామూలుగా లివర్ శుభ్రం చేయాల్సిన అమ్మోనియా రక్తంలో పేరుకుపోయి, మెదడు దాకా వెళ్లిందని ఆ సాయంత్రం డాక్టరు చెప్పారు. సిర్రోసిస్. మందులతో నెట్టుకొచ్చే దశ దాటిపోయింది.

అప్పట్నుంచి చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే ప్రశ్న.. “తాగేవారా?” అమ్మ ఎంత నలిగిపోయిందో నాకే తెలుసు. ఈ జబ్బుని ఇన్నాళ్లూ ‘నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్’ అనేవారు. 2023లో అంతర్జాతీయ లివర్ నిపుణుల సంఘాలు ఆ పేరు మార్చి, షుగరు, అధిక బరువు, బీపీ లాంటి మెటబాలిక్ సమస్యలతో ముడిపడిన జబ్బుగా కొత్త పేరు పెట్టాయి. పేరులోంచి ఆల్కహాల్ పోయింది. చుట్టాల ప్రశ్నలోంచి మాత్రం ఇంకా పోలేదు!

దాత నేనే.. కానీ నాకూ ఫ్యాటీ లివరే

జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాం. బ్రెయిన్‌డెడ్ అయినవారి నుంచి అవయవం దొరికేదాకా నాన్న ఆగగలడో లేదో తెలియదు. నాన్నది బి పాజిటివ్. అమ్మది ఎ, తమ్ముడిది ఎబి. ఇద్దరివీ పనికిరావు. నాది ఓ. ఇంట్లో మిగిలింది నేనే.

మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారమే ఇదంతా జరగాలి. దాతకి పద్దెనిమిదేళ్లు నిండాలి, ఎవరి బలవంతమూ ఉండకూడదు. కెమెరా ముందు కూర్చోబెట్టి నన్ను ప్రశ్నలడిగారు. డాక్టరు ఏమీ దాచలేదు. “కుడివైపు భాగం ఇచ్చే దాతల్లో వెయ్యికి ఇద్దరి నుంచి అయిదుగురి దాకా ప్రాణం పోయే ప్రమాదముంటుందమ్మా. ఆలోచించుకో” అన్నారు. పక్క గదిలో అమ్మ ఏడుస్తోంది. ఒక కళ్ల ముందు భర్త, ఇంకో కళ్ల ముందు కూతురు.. తను ఎవరి వైపు మాట్లాడుతుంది?

నేను సంతకం పెట్టాను. అసలు షాక్ ఆ తర్వాత తగిలింది. స్కాన్‌లో నా లివర్‌లోనూ కొవ్వు కనిపించింది. అర్ధరాత్రి ఆర్డర్ పెట్టిన బిర్యానీలు, కూల్‌డ్రింకులు, కుర్చీలోంచి లేవని ఉద్యోగం.. అన్నీ ఆ నలుపు తెలుపు బొమ్మలో ఉన్నాయి! కొవ్వు పట్టిన ముక్క నాన్నలోనూ సరిగా పనిచేయదు, నాలో మిగిలిందీ సరిగా పెరగదు. ముందు కొవ్వు తగ్గించుకుని రమ్మన్నారు.

ఆరు వారాలు అమ్మ చేసిన జొన్నరొట్టె, ఆకుకూర, రోజుకి గంటన్నర నడక. నాన్న పొట్టలోంచి నీళ్లు తీయించడానికి వెళ్లిన ప్రతిసారీ ‘నా బిర్యానీ వల్లే కదా ఈ ఆలస్యం’ అనిపించేది. అయిదు కిలోలు తగ్గాక మళ్లీ స్కాన్ తీశారు. ఈసారి ఓకే అన్నారు.

మునగచెట్టు లెక్క కాదు

ఆపరేషన్‌కి ముందు రాత్రి అమ్మ నా తల నిమురుతూ, “మునగచెట్టుకి కొమ్మ కొట్టేస్తే చిగురెయ్యదూ? అలాగేలే” అంది. నా ఇంటర్ ఫ్రెండ్ ఒకతి సెల్ బయాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఎలుకల లివర్ మీదే తన పని. అమ్మ మాట చెబితే నవ్వుతూ వాయిస్ మెసేజ్ పెట్టింది. “కొట్టిన కొమ్మ మళ్లీ రాదే. నీ కుడి భాగం తీసేస్తే అక్కడ కొత్త కుడి భాగం మొలవదు. మిగిలిన ఎడమ భాగమే ఉబ్బి పెద్దదవుతుంది. ఆకారం మారుతుంది, పని మాత్రం సరిపోతుంది.”

ఇది శాస్త్రవేత్తలకి బాగా తెలిసిన సంగతే. 1931లో అమెరికాలో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు ఎలుక లివర్‌లో మూడింట రెండొంతులు తీసేసే పద్ధతిని వివరించారు. ఎలుక లివర్ విడివిడి తమ్మెలుగా ఉంటుంది. కొన్నింటిని మొదట్లో దారంతో కట్టి కోసేస్తే, మిగిలినవాటికి గాయమే తగలదు. వారం, పది రోజుల్లో ఆ మిగిలినవే పెరిగి పాత బరువుకి వచ్చేస్తాయి. ఇప్పటికీ ల్యాబుల్లో ఇదే పద్ధతి వాడుతున్నారు.

మరి ‘సగం పోయింది’ అని మిగిలిన కణాలకి చెప్పేదెవరు? 1967లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు రెండు ఎలుకల రక్తప్రవాహాల్ని గొట్టాలతో కలిపారు. ఒకదాని లివర్ కోశారు, రెండోదాన్ని ముట్టుకోలేదు. అయినా రెండో ఎలుక లివర్ కణాలు కూడా విభజనకి సిద్ధమైపోయాయి. అంటే కబురు రక్తంలోనే వెళుతోందన్నమాట!

మొదటి గంటలో ఏమవుతుంది?

నేను ఐసీయూలో కళ్లు తెరిచేసరికి నా లివర్ అప్పటికే కొన్ని గంటలుగా పనిలో ఉంది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా లివర్ గుండానే వెళ్లాలి. ఇంతకుముందు మొత్తం లివర్‌లో పరుచుకున్న రక్తం ఇప్పుడు 38 శాతంలోంచే దూసుకెళుతుంది. ఆ ఒత్తిడే మొదటి అలారం.

ఇక్కడ మా ఫ్రెండ్ చెప్పిన ఒక మాట నాకు భలే నచ్చింది. “మొదటి నిమిషాల్లో కణం కొత్త ప్రొటీన్లు తయారుచేసుకునేదాకా ఆగదు. ఉన్నవాటినే చోటు మార్చి పనిలోకి దించుతుంది.”

ఉదాహరణకి ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్. మామూలప్పుడు దాన్ని ఇంకో ప్రొటీన్ గట్టిగా పట్టుకుని కేంద్రకం బయటే కూర్చోబెడుతుంది. లివర్‌లో కాపలా కాసే కుప్ఫర్ కణాలు టీఎన్ఎఫ్, ఐఎల్-6 అనే కబురు ప్రొటీన్లని వదలగానే పరిస్థితి మారిపోతుంది. టీఎన్ఎఫ్ కబురుతో ఆ పట్టుకున్న ప్రొటీన్ ముక్కలైపోతుంది, ఎన్ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి పరిగెడుతుంది. ఐఎల్-6 కబురు అందితే స్టాట్3 అనే ప్రొటీన్‌కి ఒక ఫాస్ఫేట్ అతుక్కుంటుంది. అదే దానికి గేట్ పాస్. అదీ లోపలికి వెళ్లి జీన్లని ఆన్ చేస్తుంది. ఎలుకల్లో అరగంట, గంటలోపే ఫాస్, జున్, మిక్ అనే జీన్లు చకచకా మేల్కొంటాయి.

ఇక్కడిదాకా జరిగింది నిద్ర లేపడమే. పరుగెత్తించేది ఇంకొకటి.. హెచ్‌జీఎఫ్. లివర్ కణాల పెరుగుదలకి పనికొచ్చే ఈ ప్రొటీన్‌ని 1984లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. విశేషమేంటంటే ఇది కణాల మధ్య ఉండే జాలీలో ముందే దాచిపెట్టి ఉంటుంది. కోత పడగానే అక్కడి ఎంజైములు దాన్ని విడిపించి, పనిచేసే రూపానికి మారుస్తాయి. అది వచ్చి కణం మీదున్న మెట్ అనే రిసెప్టర్‌ని తట్టగానే విభజన వైపు అడుగు పడుతుంది.

ఒక నల్ల గీత కథ

మూడో రోజు నాకు ఫోన్ పట్టుకునే ఓపిక వచ్చింది. వాట్సాప్‌లో ఫ్రెండ్ పంపిన ఫొటో ఉంది. బూడిద రంగు మీద వరసగా నల్లటి గీతలు. కోత తర్వాత రకరకాల గంటల్లో ఎలుక లివర్ నుంచి తీసిన ప్రొటీన్లని జెల్ మీద పరుగెత్తించి, యాంటీబాడీతో గుర్తుపట్టిన బొమ్మ అది. దాన్ని వెస్టర్న్ బ్లాట్ అంటారు.

పై వరస సైక్లిన్ డి1ది. సున్నా గంట దగ్గర గీత ఉందా లేదా అన్నట్టుంది. గంటలు గడిచేకొద్దీ ముదిరి, చివరికి కాటుక గీతలా అయింది. కింది వరస యాక్టిన్‌ది. అది మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉంది. ప్రతి గడిలో ప్రొటీన్ సమానంగానే వేశామని చెప్పడానికి అదే సాక్షి. అది లేకపోతే పై గీత ముదిరిందన్నా ఎవరూ నమ్మరట. టెస్టర్‌ని కదా, ఈ కింది వరస నాకు తెగ నచ్చేసింది!

సైక్లిన్ డి1 పెరగడమే తిరుగులేని మలుపు. అంతవరకూ కణానికి బయటి కబుర్లు కావాలి. ఇది తగినంత పేరుకున్నాక ఇక ఎవరూ తొయ్యక్కర్లేదు, కణం విభజన దారిలో తనంతట తనే నడుస్తుంది. తర్వాత డీఎన్ఏ కాపీ అయ్యే దశలో సైక్లిన్ ఎ, పీసీఎన్ఏ పెరుగుతాయి. రెండుగా చీలే వేళకి సైక్లిన్ బి వస్తుంది. ఎలుకలో డీఎన్ఏ కాపీ పని 24 గంటల దగ్గర ఉచ్ఛస్థితికి వెళుతుంది. మనుషుల్లో ఇదంతా ఇంకా నెమ్మది. కణాల సైజు కూడా పెరుగుతుంది కాబట్టి, ఒక్కో కణం సగటున ఒకటి రెండు సార్లు చీలితే చాలు.

షాపు మూయకుండానే రిపేరు

నా లివర్‌లోంచి ఎవరూ ముక్క తీసి గీతలు చూడలేదు. నా చేతికి వచ్చినవి రక్తం రిపోర్టులే. కానీ అవి కూడా ప్రొటీన్ల కథే చెప్పాయి.

రెండో రోజుకి నా ఐఎన్ఆర్ 1.8కి వెళ్లింది. అంటే రక్తం గడ్డకట్టడం నెమ్మదించింది. గడ్డకట్టించే ప్రొటీన్లలో చాలావరకు లివరే తయారుచేయాలి మరి. ఆల్బుమిన్ 4 నుంచి 2.7కి పడింది. ఫాస్ఫేట్ బాగా తగ్గిందని సెలైన్‌లో కలిపి ఎక్కించారు. లివర్ ఆపరేషన్ తర్వాత అది మామూలేనట. కళ్లు కొంచెం పచ్చగా కనిపిస్తే అద్దం చూడకుండా తిరిగాను, నాన్న కళ్లే గుర్తొచ్చి.

మిగతా అవయవాలు సెలవు పెట్టి రిపేరు చేయించుకున్నట్టు లివర్‌కి కుదరదు. చక్కెర అందించాలి, విషాలు విరవాలి, ప్రొటీన్లు పంపాలి. ఒకపక్క ఇవన్నీ చేస్తూనే చీలాలి. అందుకే కొన్ని పనులు తగ్గించుకుంటుంది. మందుల్ని విరిచే సైటోక్రోమ్ ఎంజైములు ఆ రోజుల్లో తగ్గుతాయి. “నొప్పి తగ్గలేదు, ఇంకో మాత్ర ఇవ్వండి” అని నేను గొడవ చేస్తే, నర్సు అక్క డాక్టర్ని అడగకుండా ఇవ్వనని ఎందుకందో తర్వాత అర్థమైంది. పిండంలో ఉన్నప్పుడు ఎక్కువగా తయారయ్యే ఆల్ఫా ఫీటోప్రొటీన్ లాంటివి కొన్నాళ్లు మళ్లీ తొంగిచూస్తాయి కూడా. పెరగడం కోసం లివర్ కాస్త చిన్నపిల్ల అవుతుందన్నమాట.

పదో రోజుకి ఐఎన్ఆర్ 1.1. “ఇక ఇంటికెళ్లొచ్చమ్మా” అన్నారు డాక్టరు.

ఆపేదెవరు?

పెరగడం గొప్పే. కానీ రక్తబీజుడు కూడా పెరిగాడు! ఎక్కడ ఆగాలో తెలియని పెరుగుదలకి మన ఒంట్లో ఉన్న పేరు క్యాన్సర్. మరి లివర్ ఎలా ఆగుతుంది?

బ్రేకు మొదట్నుంచే సిద్ధంగా ఉంటుంది. స్టాట్3 కేంద్రకంలోకి వెళ్లి ఆన్ చేసేవాటిలో ఎస్ఓసీఎస్3 అనే ప్రొటీన్ కూడా ఉంది. దాని పని ఐఎల్-6 కబురుని ఆపడం. అంటే తలుపు తీసినవాడే, దాన్ని మూసేవాణ్ని కూడా పిలుచుకొస్తాడు. తర్వాత టీజీఎఫ్-బీటా లాంటివి కణాలకి ‘ఇక చాలు’ అని చెబుతాయి. యాప్ అనే ఇంకో ప్రొటీన్‌ని హిప్పో అనే వ్యవస్థ అదుపులో పెడుతుంది. 2007లో ఎలుకల్లో ఈ యాప్‌ని అతిగా పనిచేయిస్తే లివర్ మామూలు సైజుకి దాదాపు నాలుగు రెట్లు పెరిగింది. అలాగే వదిలేస్తే కణితులు వచ్చాయి. పెరుగుదలకి ఉన్నంత సరంజామా ఆగడానికీ ఉంటుందని అప్పటిదాకా నేనెప్పుడూ అనుకోలేదు.

మరి నాన్న లివర్ ఎందుకు పెరగలేదు?

ఇది అమ్మ అడిగిన ప్రశ్న. “అంత పెరిగేదైతే ఆయనది ఆయనకే పెరగొచ్చుగా?”

పెరగడానికి ప్రయత్నించింది. అదే బాధగా ఉంటుంది తలచుకుంటే. నాకు తగిలింది ఒక్క కోత, చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కణాలు. నాన్నకి ఏళ్ల తరబడి రోజూ చిన్న చిన్న దెబ్బలు. ప్రతి దెబ్బకీ లివర్‌లోని స్టెల్లేట్ కణాలు కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ని పోసి మాను కట్టాయి. వాటిని ఎగదోసేది ఎవరనుకున్నారు? ఇందాక ‘ఇక చాలు’ అన్న టీజీఎఫ్-బీటానే! ఒకసారి బ్రేకుగా పనికొచ్చేదే, ఏళ్ల తరబడి ఉంటే మచ్చలకి కారణమవుతుంది. సిర్రోసిస్ లివర్‌లో కణాలు చీలుతూనే ఉంటాయి. కానీ కొల్లాజెన్ గోడల మధ్య గడ్డలు గడ్డలుగా ఇరుక్కుపోతాయి. రక్తం వాటిదాకా సరిగా రాదు. ఆపరేషన్‌లో తీసిన నాన్న లివర్ ఫొటో డాక్టరు చూపించారు. నున్నగా ఉండాల్సింది గులకరాళ్ల గుట్టలా ఉంది.

అందుకే మొన్న ఆ కొలీగ్‌తో చెప్పాను.. “పెరుగుతుంది బాస్, నిజమే. కానీ నువ్వు కొట్టే దెబ్బ రోజూ కొడుతుంటే ముందు పెరిగేది గోడలు.” తాగేవాళ్లకే కాదు ఈ మాట. వారానికి నాలుగు బిర్యానీలు లాగించిన నాకు కూడా. ఊరట ఏంటంటే మచ్చలు పడకముందు కొవ్వు తగ్గించుకోవచ్చు. నాకు ఆరు వారాలు పట్టింది. మీ పాత స్కాన్ రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్’ అని రాసుంటే, ఆ కాగితాన్ని మాలాగా ఫైల్లో పెట్టేయకండి. షుగర్ టెస్టు, లివర్ టెస్టు చేయించుకుని డాక్టర్ని కలవండి. కళ్లు పచ్చబడితే పసరు కోసం ఒక్క రోజు కూడా ఆగకండి.

నాన్న వేసిన లెక్క

మూడో నెలలో నాకు మళ్లీ స్కాన్ తీశారు. నా పాత లివర్‌లో 81 శాతం సైజుకి వచ్చేసింది. ఆకారం మాత్రం గుర్తుపట్టలేనట్టు ఉంది. ఎడమ భాగం ఉబ్బి, కుడివైపు ఖాళీలోకి ఒరిగి కూర్చుంది. నాన్నలోకి వెళ్లిన ముక్క కూడా ఆయన ఒంటికి తగ్గట్టు పెరిగింది. నాకు ఇప్పుడు ఏ మందూ లేదు. ఆయన మాత్రం ఆ ముక్కని ఒళ్లు తిప్పికొట్టకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది.. అలారం మోగగానే ఇంట్లో అందరం ఆయన వైపే చూస్తాం.

ఆ రోజు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని నాన్న కళ్లజోడు సర్దుకున్నాడు. పాత అలవాటు కదా, జేబులోంచి పెన్ను తీసి మార్జిన్‌లో ఏవో అంకెలు వేశాడు. కాసేపు చూసి, తల గోక్కుని నన్ను పిలిచాడు.

“ముప్పై అయిదేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పానమ్మా. తీసివేత చేస్తే రెండు వైపులా పెరిగిన లెక్క ఇదొక్కటే” అన్నాడు.

ఆ తర్వాత పెన్ను జేబులో పెట్టుకుని, గడియారం చూసి, మాత్రల డబ్బా కోసం లేచాడు.